ప్యాటీ స్మిత్ తొలి కవితలు: గొంతు లేకుండా కాగితం మీద నిలుస్తాయా?

పాత గ్రామఫోన్:
అమెరికన్ రాక్ గాయని ప్యాటీ స్మిత్ 1970 నుంచి 1979 దాకా రాసిన వాటిలోంచి ఏరి 1994లో నార్టన్ వాళ్లు వేసిన ‘ఎర్లీ వర్క్’ రెండుసార్లు చదివాను. రెండోసారి వారం రోజులు ఆమె పాట ఒక్కటి కూడా వినకుండా ఆగి, కావాలనే అలా చదివాను. పాడే ప్యాటీ అంటే నాకు ప్రాణం. కానీ పుస్తకంలో చాలా పేజీలు చప్పగా ఉన్నాయి. ఒక ఊహ తెమలకముందే దాని మీద ఇంకో ఊహ వచ్చి పడుతుంది. పాడుతుంటే ఆ ఊపులో కొట్టుకుపోతాం. కాగితం మీద ఆ ఊపు నాకు దొరకలేదు. అట్ట మీద ఆ పేరు లేకపోతే ఈ కవితలు ఎవరైనా అచ్చు వేసేవాళ్లా? చదివినవాళ్లు చెప్పండి.

చిత్తుప్రతి:
వేశారండీ, పేరు రాకముందే వేశారు. ‘సెవెన్త్ హెవెన్’ 1972లో వచ్చింది, ‘విట్’ 1973లో. మొదటి ఆల్బమ్ ‘హార్సెస్’ వచ్చింది 1975 నవంబరులో. అంటే పాటల ఆల్బమ్ కంటే మూడేళ్లు ముందే కవితల పుస్తకం ఉంది. అందులోని ‘గ్లోరియా’ పాట మొదట్లో జీసస్ ఎవరి పాపాల కోసమో చనిపోయాడు, నా పాపాల కోసం కాదు అని పాడుతుంది కదా, ఆ మాట అంతకుముందే ‘ఓత్’ అనే కవితలో ఉంది. కవితే పాటలోకి వెళ్లింది.

కొబ్బరాకు:
నాకు హార్సెస్ ఒక్కటే తెలుసు. చదువుతున్నాను, కానివ్వండి.

పాత గ్రామఫోన్:
చిత్తుప్రతి గారూ, ఏళ్ల లెక్క నాకూ తెలుసు. 1971 ఫిబ్రవరి 10న న్యూయార్క్ సెయింట్ మార్క్స్ చర్చిలో ఆమె మొదటిసారి జనం ముందు కవితలు చదివింది. ఆరోజే పక్కన లెన్నీ కే గిటార్ పట్టుకుని నిలబడ్డాడు. ఒక కవిత చివర కారు గుద్దుకున్న చప్పుడు గిటార్‌తోనే తెప్పించారు. అంటే మొదటి రోజు నుంచే ఆ కవితకు కరెంటు ఊతం కావాల్సి వచ్చింది.

అరసున్న:
అన్ని కవితలకూ గిటార్ లేదు కదా ఆరోజు.

పాత గ్రామఫోన్:
ఒక్క కవితకు ఉన్నా ఉన్నట్టే.

చిత్తుప్రతి:
అలా అయితే సభలో నిలబడి గొంతెత్తి చదివిన ఏ కవితా కవిత కాదా? మీరు గిటార్ దగ్గరే ఆగిపోయారు. ‘సెవెన్త్ హెవెన్’లో జోన్ ఆఫ్ ఆర్క్ మీద, అమీలియా ఇయర్‌హార్ట్ మీద, మరియాన్ ఫెయిత్‌ఫుల్ మీద కవితలు ఉన్నాయి. సాధువైన మాట ఒక్కటీ ఉండదు. ఇరవయ్యయిదేళ్ల అమ్మాయి తనకు నచ్చిన ఆడవాళ్లను వరసగా పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నట్టు ఉంటుంది. ఆ పుస్తకాన్ని అంకితం ఇచ్చింది క్రైం నవలలు రాసే మిక్కీ స్పిలేన్‌కూ, నటి అనితా పాలెన్‌బర్గ్‌కూ. ఎవరికి లొంగకూడదో అప్పటికే తెలిసిన మనిషి ఇచ్చే అంకితం అది.

ఎడిసన్ శీను:
నేను న్యూజెర్సీలో ఉంటాను. ఆమె పెరిగిన డెట్‌ఫర్డ్ మాకు దక్షిణాన. గ్రామఫోన్ గారికి ఒక సంగతి. 1977 జనవరిలో టాంపాలో ఆమె స్టేజీ మీంచి కిందపడింది, మెడ ఎముకలు విరిగాయి. స్టేజీ ఎక్కలేక కోలుకుంటున్న ఆ రోజుల్లోనే ‘బేబెల్’ కవితల పుస్తకం పని చేసింది. 1978లో పుట్నం వేసింది. గొంతు ఊతమే ఆధారం అయితే ఆ నెలల్లో ఆమె ఏం రాయగలిగి ఉండేది?

పాత గ్రామఫోన్:
ఇది మంచి పాయింట్, ఒప్పుకుంటాను. రాసింది గొంతు లేని రోజుల్లోనే. కానీ పుట్నం లాంటి పెద్ద సంస్థ దాన్ని 1978లో ఎందుకు తీసుకుంది? అప్పటికే ఆమె స్టార్ కాబట్టి. నేను అడుగుతున్నది ఎప్పుడు రాసిందని కాదు, ఎందుకు వేశారని.

ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను. పదకొండేళ్ల కిందట ఒక పత్రికకు పన్నెండు కవితలు పంపాను. ఒక్కో కవితా పదిసార్లు తిరగరాసింది. నాలుగు నెలల తర్వాత ‘చోటు లేదు’ అని ఒక్క ముక్క వచ్చింది. ఆ నెల సంచికలోనే ఒక సినిమా గాయకుడి కవితలు రెండు పేజీల నిండా వేశారు, ఫొటోతో సహా. ఆ రెండు పేజీలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

చిత్తుప్రతి:
అదీ సంగతి. మీ కోపం ఆ పత్రిక మీద. అది తెచ్చి 1972లో అచ్చయిన కవితల మీద పెడుతున్నారు.

పాత గ్రామఫోన్:
చులకన చేయకండి. పదకొండేళ్లుగా నేను ఒక్క కవితా బయటికి పంపలేదు. మీకు అది కబుర్లా ఉందేమో.

నిర్వాహకులు:
ఇద్దరూ విషయానికి రండి. మనుషుల మీదికి వెళ్లొద్దు.

చిత్తుప్రతి:
విషయానికే వస్తాను. ఆమె పదహారేళ్ల వయసులో న్యూజెర్సీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసింది. దాని మీద రాసుకున్న ‘పిస్ ఫ్యాక్టరీ’ కవిత 1974లో రికార్డుగా వచ్చింది. అందులో పక్కనున్న వాళ్లు ఆమెతో అంటారు, నువ్వు మరీ తొందరగా చేసేస్తున్నావు, మా కోటా పాడవుతుందని.

ఇంటర్ అయ్యాక ఒక ఏడాది నేను రొయ్యల షెడ్డులో పనిచేశాను. తల తుంచి, పెంకు తీసి, నరం లాగి పక్క బేసిన్‌లో వేయాలి. ఐస్ నీళ్లలో చేతులు తెల్లగా ముడుచుకుపోయేవి. కిలోకి ఇంత అని ఇచ్చేవాళ్లు. డబ్బు అవసరం, గబగబా ఒలిచేదాన్ని. మూడో రోజు పక్కనున్న పెద్దావిడ తలెత్తకుండానే అంది, “పిల్లా, అంత తొందర వద్దే. ఇంతింత ఒలుస్తున్నారని తెలిస్తే కిలో రేటు తగ్గించేస్తారు.” చాలా ఏళ్ల తర్వాత ఆ కవిత నా చెవిన పడ్డప్పుడు నేను వంటింట్లో కింద కూర్చుండిపోయాను. ఎక్కడి న్యూజెర్సీ, ఎక్కడి మా షెడ్డు! అది కవిత్వం కాదని ఎవరు చెప్పినా నేను వినను.

పాత గ్రామఫోన్:
చెవిన పడ్డప్పుడు అన్నారు. మీరు దాన్ని చదవలేదు, విన్నారు. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే.

చిత్తుప్రతి:
అవును, విన్నాను. వినకపోతే నేను కవిత్వం దగ్గరికే వచ్చేదాన్ని కాదు. మా ఇంట్లో పుస్తకం లేదు, రేడియో ఉంది. మీరు కాగితం ఒక్కటే అసలు పరీక్ష అంటారు. ఆ కాగితం దాకా చేరేది ఎవరు? నాకు ముందు ఒక గొంతు కావాల్సి వచ్చింది.

కొబ్బరాకు:
ఈ మాట మొదట్లోనే అనాల్సింది మీరు.

పాత గ్రామఫోన్:
నేనూ మొదట్లో అనాల్సింది అనలేదు. పుస్తకం బాగోలేదని కాదు నా బాధ. ‘ఓత్’ బాగుంది. ‘బేబెల్’లో వచన కవితలు కొన్ని చాలా బాగున్నాయి. నాకు పాడటం రాదు. నలుగురి ముందు చదవాలంటే నోరు ఎండిపోతుంది. నాలాంటివాడికి ఉన్నది కాగితం ఒక్కటే. గొంతు ఉన్నవాళ్లకు స్టేజీ ఉంది, సభ ఉంది, రికార్డు ఉంది. వాళ్లు కాగితం మీదికి కూడా వస్తే నేను ఎక్కడికి పోవాలి? ఈ పుస్తకం చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. అందుకే అంత గట్టిగా పట్టుకున్నాను.

ఎడిసన్ శీను:
గ్రామఫోన్ గారూ, ఆమె కూడా మొదట కాగితం మనిషే కదా. ఫ్రెంచి కవి రాంబో పుస్తకం కొట్టేసి తెచ్చుకుని చదివిన పిల్ల. గొంతు తర్వాత వచ్చింది.

పాత గ్రామఫోన్:
ఆమెకు వచ్చింది శీను గారూ. నాకు రాలేదు.

చిత్తుప్రతి గారూ, ఆ షెడ్డు గురించి ఏమైనా రాశారా? ఉంటే ఇక్కడ పెట్టండి. ఆడియో వద్దు, అక్షరాల్లోనే. నేను చదువుతాను.

చిత్తుప్రతి:
ఒక నోట్‌బుక్కు ఉంది. అందులో సగం మాటలు ఆ పెద్దావిడవే. ఆమెకు చదవడం రాదు. ఈ నెలాఖరున ఊరు వెళ్తున్నాను. ముందు ఆమె దగ్గర కూర్చుని చదివి వినిపించాలి. ఆమె సరేనంటే పెడతాను. ఆ పన్నెండు కవితల్లో ఒక్కటి మీరు పెట్టండి, ఈలోపు.