విడిగా కాకస్ పెట్టడం పరిష్కారమా, పక్కన పెట్టడమా? స్త్రీవాద విద్యాసంఘాల్లో జాతివివక్షపై చర్చ

తుంగభద్ర:
అమెరికాలో విమెన్స్ స్టడీస్ బోధించేవాళ్ల జాతీయ సంఘం ఎన్‌డబ్ల్యూఎస్‌ఏ 1977లో ఏర్పడింది. 1979లో కాన్సస్ రాష్ట్రం లారెన్స్‌లో జరిగిన తొలి జాతీయ సదస్సులోనే, తెల్ల స్త్రీవాదుల్లోని జాతివివక్షను నల్లజాతి స్త్రీవాద రచయిత్రి బార్బరా స్మిత్ నిలదీశారు. 1981లో కనెక్టికట్‌లోని స్టోర్స్‌లో సదస్సంతా అదే అంశం మీద పెట్టారు. అయినా 1990లో ఒహాయోలోని ఆక్రన్‌లో విమెన్ ఆఫ్ కలర్ కాకస్ (తెల్లవాళ్లు కాని స్త్రీలకు సంఘంలోనే విడిగా ఉన్న బృందం) సభ్యులు సదస్సులోంచి లేచి వెళ్లిపోయారు.

పదకొండేళ్లు మాట్లాడుకున్నా ఇలా ఎందుకైంది? నన్నడిగితే లోపం కాకస్ అనే ఏర్పాటులోనే ఉంది. కోపగించుకునే గది వేరు, చెక్కుల మీద సంతకం పెట్టే గది వేరు అయిపోయాయి. కాకస్‌లు తీసేసి కార్యవర్గంలోనే సగం సీట్లు ఇవ్వాలి. కాదంటే ఎందుకో చెప్పండి.

వేపచెట్టు:
తుంగభద్ర గారూ, రోగం సరిగ్గానే పట్టారు కానీ మందు తప్పు.

స్టోర్స్‌లో ఏం జరిగిందో చూడండి. చర్చా బృందాల్లో తెల్లవాళ్లకు ఎన్నో రకాలు: వలస కుటుంబాలవాళ్లకొకటి, యూదులకొకటి, శ్రామిక కుటుంబాలవాళ్లకొకటి. తెల్లవాళ్లు కాని స్త్రీలందరికీ కలిపి ఒకే బృందం. ఆ సదస్సు మీద స్త్రీవాద పరిశోధకురాలు చేలా సాండోవల్ రాసిన నివేదికలో ఇది వివరంగా ఉంది. ఆ ఒక్క గదిలోనే వాళ్లు తమలో తమకున్న తేడాలూ మాట్లాడుకున్నారు, తీర్మానాలూ రాసుకున్నారు. ఆ గది లేకపోతే ఆ తీర్మానాలు పుట్టేవే కావు. లోటల్లా, బయటికి వచ్చిన కాగితానికి జవాబివ్వాల్సిన బాధ్యత ఎవరికీ లేకపోవడం.

కాబట్టి కాకస్‌ను ఉంచండి, బైలాస్ (సంఘం నియమావళి) మార్చండి. కాకస్ తీర్మానం వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలోకి అధ్యక్షుల దయతో పని లేకుండా నేరుగా రావాలి. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. తిరస్కరిస్తే కారణం మినిట్స్‌లో ఉండాలి, ఎవరు ఎటు ఓటేశారో కూడా. "పరిశీలిస్తాం" అన్నది జవాబు కిందికి రాదు.

ఇక డబ్బు. అదే స్టోర్స్ సదస్సులో నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ తన ప్రసంగంలో వేదిక మీంచే ఎత్తిచూపిన విషయాల్లో రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి. పేద స్త్రీలకూ, తెల్లవాళ్లు కాని స్త్రీలకూ ఫీజు మినహాయించడానికి సంఘం ఒప్పుకోలేదు. వర్క్‌షాపులు నడపాల్సినవాళ్లే రాలేకపోయారు. జాతివివక్ష మీద సదస్సు పెట్టి గేటు దగ్గర టికెట్ అడిగారన్నమాట!

ఫీజు మినహాయింపు ఉన్న సంఘాల్లోనూ అది చెడిపోయే తీరు దాదాపు ఒకటే. ముందు ఖర్చు పెట్టుకోండి, రసీదులు పంపండి, తర్వాత తిరిగిస్తాం అంటారు. డిపార్ట్‌మెంట్ గ్రాంటు లేని తాత్కాలిక అధ్యాపకురాలు విమానం టికెట్టూ హోటలూ తన కార్డు మీద వేసుకుని నెలలు ఎదురుచూడాలి. బడ్జెట్ రాసే రోజే ప్రయాణ నిధిని విడిగా తీసిపెట్టాలి, పేపర్ అంగీకరించిన ఉత్తరంతో పాటే డబ్బు వెళ్లాలి, పేదరికానికి రుజువులు అడగకూడదు.

మెట్టవేదాంతం:
బైలాస్‌తో మనసులు మారతాయా? 1988లో వెల్స్‌లీ కాలేజీ నుంచి తెల్లజాతి స్త్రీవాద పరిశోధకురాలు పెగ్గీ మెకింతోష్ తెల్లవాళ్లకు అడక్కుండానే దక్కే 46 సౌకర్యాల జాబితా రాశారు. చాలామంది తెల్ల అధ్యాపకులు తమ ఆధిక్యాన్ని తొలిసారి గమనించింది అలాంటి జాబితాల వల్లే. ముందు అది జరగాలి. చూడనివాడు బైలాస్‌ని కూడా తనకు కావలసినట్టే చదువుకుంటాడు.

కలంకారి:
మెకింతోష్ జాబితా తన జీవితం గురించి తాను రాసుకున్నది. దాన్ని పట్టుకుని గంటన్నర వర్క్‌షాపు నడిపితే ఏమవుతుందో ఈ రంగంలో అందరికీ తెలుసు. ఒకరు ఒప్పుకుంటారు, ఒకరు ఏడుస్తారు, ఆ ఏడ్చినవాళ్లను ఓదార్చే పని గదిలో ఉన్న ఒకరిద్దరు నల్లజాతి స్త్రీల మీద పడుతుంది. ఆ చాకిరీకి జీతమూ లేదు, ప్రమోషన్ ఫైల్లో ఒక లైనూ ఉండదు. వర్క్‌షాపు పెట్టాలంటే బయటి వ్యక్తికి ఫీజిచ్చి నడిపించండి, తెల్లవాళ్లకు విడిగా పెట్టండి, చివర్లో ఫలానా నిర్ణయం ఫలానా తేదీలోగా అని రాయించండి.

అసలు మీరు ముగ్గురూ వదిలేసింది ఒకటుంది. ఆక్రన్‌లో గొడవ రాజుకున్నది పేపర్ల మీదా కాదు, సీట్ల మీదా కాదు. జాతీయ కార్యాలయంలో పనిచేసే ఒక నల్లజాతి ఉద్యోగిని తొలగించడం మీద. సంఘం అంటే మనకు సభ్యులే గుర్తొస్తారు. కానీ అది యజమాని కూడా. పైగా చిన్న యజమాని: కొద్దిమంది సిబ్బంది, హెచ్ఆర్ ఉండదు, ఏడాదికి కొన్నిసార్లే కలిసే ప్రొఫెసర్లు పైఅధికారులు. అలాంటి చోట ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ల దగ్గరికే వెళ్తుంది. సభ్యులు అడిగితే "ఉద్యోగ వ్యవహారం, బయట చెప్పలేం" అంటారు. గోప్యత ఉండాల్సింది ఉద్యోగిని కాపాడటానికి. ఆమే అక్కర్లేదన్నప్పుడు దాన్ని కార్యవర్గం అడ్డం పెట్టుకోకూడదు.

చేయాల్సింది: ముగ్గురితో ఫిర్యాదుల కమిటీ, అందులో కనీసం ఒకరు సంఘంతో సంబంధం లేనివారు. తొలగింపుకు ముందు రాతపూర్వక కారణాలు, జవాబుకు గడువు, అప్పీలు. లేకపోతే ఎంత ఖర్చవుతుందో ఆ సంఘమే చూసింది. 1991లో వార్షిక సదస్సే జరగలేదు.

సీతాఫలం:
సగం సీట్లు అంటున్న తుంగభద్ర గారికి ఒక ప్రశ్న. ఎవరికి? "విమెన్ ఆఫ్ కలర్" అన్న ఒకే గడిలో అమెరికా నల్లజాతి స్త్రీ, ఆదివాసీ స్త్రీ, హైదరాబాద్ నుంచి వెళ్లి ప్రొఫెసరైన అగ్రకుల స్త్రీ, అందరూ పడతారు. ఆ గడి నింపమంటే కమిటీలు తరచుగా చివరామె దగ్గరికే వెళ్తాయి. డిగ్రీలున్నాయి, ఇంగ్లీషుంది, బానిసత్వపు చరిత్ర గురించి ఇబ్బంది పెట్టే ప్రశ్నలు అడగదని నమ్మకం. ఇక్కడ కూడా చూశాం. భారత స్త్రీ అధ్యయనాల సంఘం 1982లో ఏర్పడింది. 1995లో దళిత స్త్రీల జాతీయ సమాఖ్య విడిగా ఏర్పడింది, అదే ఏడాది రాజనీతి శాస్త్రవేత్త గోపాల్ గురు దళిత స్త్రీల గొంతు వేరని వాదించారు. కులమూ జాతీ ఒకటని అనడం లేదు. ఒకచోట అణిగిన మనిషి ఇంకోచోట పెత్తనం చేయగలదని మాత్రమే అంటున్నాను.

సీట్లు ఇవ్వాలంటే లెక్క విడివిడిగా ప్రకటించండి: నల్లజాతి, ఆదివాసీ, లాటినా, ఆసియా. ఉద్యోగం శాశ్వతమా తాత్కాలికమా అన్నది ఇంకో వరుస. ఏ గడిలోనైనా ఐదుగురికంటే తక్కువుంటే అంకె వేయకండి, మనుషులు గుర్తుపట్టేస్తారు.

తుంగభద్ర:
కలంకారి గారి ఫిర్యాదుల కమిటీతో గొడవ లేదు. సీతాఫలం గారూ, మీరు చెప్పినది సీట్లకు వ్యతిరేకం కాదు, సీట్లు ఎలా నింపాలన్నదే. స్పెల్మన్ కాలేజీకి చెందిన బెవర్లీ గై-షెఫ్టాల్ 2008 నుంచి 2010 దాకా ఎన్‌డబ్ల్యూఎస్‌ఏ అధ్యక్షురాలు. పైపదవి చేతిలో ఉంటే ఎజెండా రాసే చెయ్యి మారుతుంది. వేపచెట్టు గారి 30 రోజుల గడువును ఆ పదవిలో ఉన్నవాళ్లు పట్టించుకోకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

వేపచెట్టు:
సర్వసభ్య సమావేశానికి. జవాబు రాని తీర్మానం అక్కడ మొదటి అంశంగా రావాలని అదే క్లాజులో రాయండి. చివరి రోజు మధ్యాహ్నం మాత్రం పెట్టకండి. అప్పటికి సగంమంది విమానాశ్రయంలో ఉంటారు, కోరం ఉండదు.

కలంకారి:
అధ్యక్ష పదవి సరే తుంగభద్ర గారూ, నామినేషన్ల కమిటీలో ఎవరుంటారు? పోటీకి ఎవరి పేర్లు పెట్టాలో తేల్చేది అదే. కొన్ని సంఘాల్లో దాన్ని వేసేది పాత కార్యవర్గమే. సగం సీట్ల గురించి అడిగేముందు ఆ కమిటీని సభ్యుల ఓటుతో ఎన్నుకోమని అడగండి.