ఆక్టేవియా ఆర్‌ఎస్ టర్బో కారుకు నెల్లూరు ఎండల్లో ఏ స్పార్క్ ప్లగ్‌లు సరిపోతాయి?

ప్రశ్న – నెల్లూరు, వేదాయపాళెం నుంచి

సభ్యులందరికీ నమస్కారం. స్కోడా సంస్థ 2004 ప్రాంతంలో మన దేశంలో అమ్మిన ఆక్టేవియా ఆర్‌ఎస్ కారును ఈమధ్యనే చెన్నైలో ఒకరి దగ్గర కొన్నాను. కుటుంబమంతా కూర్చోగలిగిన కారే అయినా, 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 150 హార్స్‌పవర్ శక్తి ఉండటం వల్ల దాని నడక స్పోర్ట్స్ కారు నడకే. ట్రంకు రోడ్డు, మాగుంట లేఅవుట్ తిరిగినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. జాతీయ రహదారి ఎక్కి కావలి వైపు వెళ్లేటప్పుడు మూడో గేరులోనో నాలుగో గేరులోనో యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే మాత్రం ఇంజను తడబడి కుదుపులు ఇస్తోంది, డాష్‌బోర్డు మీద ఇంజను దీపం మిణుకుమంటోంది. స్కానరు పెట్టించి చూస్తే పీ0303 అనే కోడ్, అంటే మూడో సిలిండర్‌లో మంట తప్పుతోందని చెప్పేది, వచ్చింది.

ప్లగ్‌లు విప్పించాను. మూడింటి మీద ఎన్‌జీకే పీఎఫ్ఆర్6క్యూ అని ఉంది. మూడో సిలిండర్‌లోది మాత్రం అదే కంపెనీ బీకేఆర్6ఈ-11. ఇప్పుడు నాకు మూడు సలహాలు అందాయి. దుకాణం ఆయన త్రెడ్ ఒకటే, ప్లగ్ వేడిని తట్టుకునే స్థాయిని చెప్పే 6 నంబరూ ఒకటే కాబట్టి నాలుగూ బీకేఆర్6ఈ-11 వేసేయమన్నారు. మా మెకానిక్ నెల్లూరు ఎండకు 6 నంబరు వేడెక్కిపోతుందని, ఒక మెట్టు చల్లనిదైన 7 నంబరు వేయాలని అంటున్నారు. మిత్రుడొకరు ఇరిడియం వేస్తే శక్తి పెరుగుతుందని చెబుతున్నారు. ఇందులో ఏది సరైనదో, ఎందుకు సరైనదో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం – ఒంగోలు నుంచి

కొనే ముందు ఇంజను కోడ్ చూడండి. ఒకే 1.8 టర్బో ఇంజనులో అనేక రకాలున్నాయి. వాటిలో చాలావాటికి పీఎఫ్ఆర్6క్యూ సరిపోతుంది, కొన్నిటికి మూడు సైడ్ ఎలక్ట్రోడ్లున్న ప్లగ్‌ను తయారీదారు సూచించాడు. కారు పేరు, సంవత్సరం చెప్పి ప్లగ్ అడిగితే దుకాణదారుకు ఈ తేడా తెలిసే అవకాశం లేదు. డిక్కీలో స్టెప్నీ టైరు ఉండే గుంతలో ఒక కాగితపు స్టిక్కరు ఉంటుంది, సర్వీసు పుస్తకంలోనూ అదే అంటించి ఉంటుంది. దాని మీద ఇంజను కోడ్ ఆంగ్ల అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ కోడ్‌తో ప్లగ్ తయారీదారు పట్టిక చూస్తే సందేహం ఉండదు.

త్రెడ్ సరిపోయినంత మాత్రాన ప్లగ్ సరిపోయినట్టు కాదు. బీకేఆర్6ఈ అన్న పేరులోని ప్రతి అక్షరానికీ అర్థం ఉంది. బీ అంటే 14 మిల్లీమీటర్ల త్రెడ్, కే అంటే 16 మిల్లీమీటర్ల సాకెట్ పట్టే షట్కోణపు తల, ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉన్నదని, 6 అంటే హీట్ రేంజ్ (దీని వివరం కింద రాశాను), ఈ అంటే త్రెడ్ పొడవు 19 మిల్లీమీటర్లు. చివర 11 ఉంటే గ్యాప్, అంటే స్పార్కు దూకే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య దూరం, 1.1 మిల్లీమీటర్లు. పీఎఫ్ఆర్6క్యూలో పీ అంటే ప్లాటినం, ఎఫ్ అన్న ఒక్క అక్షరం 14, 19, 16 అనే ఆ మూడు కొలతలనూ చెబుతుంది. అంటే మీ కారులోని రెండు రకాలకూ ఒంటి కొలతలు ఒకటే. తేడా ఉన్నది కొన దగ్గర, గ్యాప్ దగ్గర. ఆ తేడా విషయానికి తర్వాత వస్తాను.

ఒంటి కొలత తప్పితే నష్టం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. బీపీఆర్6ఈఎస్ అనే ప్లగ్‌కు త్రెడ్, పొడవు, హీట్ రేంజ్ అన్నీ సరిగ్గానే ఉంటాయి కానీ దాని తల 20.8 మిల్లీమీటర్లు, మీ ఇంజను 16 సాకెట్‌కు చేసినది. బీపీఆర్6హెచ్‌ఎస్‌కు త్రెడ్ పొడవు 12.7 మిల్లీమీటర్లే. ఇటువంటి పొట్టి ప్లగ్ ఎక్కుతుంది, ఇంజనూ నడుస్తుంది, కానీ లోపల ఖాళీగా మిగిలిన త్రెడ్ గాట్లలో మసి గట్టిపడి, రేపు సరైన ప్లగ్ వేయబోతే అది అల్యూమినియం హెడ్‌ను చెక్కుకుంటూ పోతుంది. కావలసిన దానికంటే పొడవైనది వేస్తే పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. ఆర్ అక్షరం లేని ప్లగ్‌ను ఈ కారుకు అసలు వాడకూడదు. రెసిస్టర్ లేకపోతే స్పార్కు నుంచి వచ్చే విద్యుత్ రొద ఇంజను కంప్యూటర్ సంకేతాలను చెడగొడుతుంది.

ఇక మీ మెకానిక్ గారి సలహా. మన జిల్లాల్లో ఈ మాట చాలామంది నమ్మకంగా చెబుతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ప్లగ్ కొన దహన గదిలో ఉంటుంది. అక్కడ దాని వేడి సుమారు 500 డిగ్రీల సెల్సియస్‌కు పైన, 850 డిగ్రీలకు లోపల ఉండాలి. 500కు తగ్గితే కొన మీద పడిన మసి కాలిపోదు, అది పింగాణీ మీద పేరుకుని కరెంటుకు దొంగదారి చూపిస్తుంది, స్పార్కు తప్పుతుంది. 850 దాటితే కొన ఎర్రగా కాలి, స్పార్కు పడాల్సిన సమయానికి ముందే మిశ్రమాన్ని అంటిస్తుంది, అది సాగితే పిస్టన్ కరుగుతుంది. కొనకు చేరిన వేడిని ప్లగ్ ఎంత త్వరగా సిలిండర్ హెడ్‌లోకి పంపుతుందో దానినే హీట్ రేంజ్ అంటారు. చల్లని ప్లగ్‌లో కొన దగ్గరి పింగాణీ ముక్కు పొట్టిగా ఉంటుంది, వేడి త్వరగా దిగిపోతుంది. నంబరు ఒక మెట్టు మారితే కొన వేడిలో దాదాపు 70 నుంచి 100 డిగ్రీల తేడా వస్తుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట నెల్లూరుకు బాగానే వర్తిస్తుంది. అయినా పుష్యమాసానికీ రోహిణి కార్తెకూ మధ్య మన గాలిలో ఉండే తేడా పదిహేను, ఇరవై డిగ్రీలకు మించదు. పైగా ప్లగ్ తన వేడిని పంపేది హెడ్‌లోకి. ఆ హెడ్ చుట్టూ తిరిగే నీటిని థర్మోస్టాట్, రేడియేటరు ఫ్యాను కలిసి ఏ కాలంలోనైనా ఇంచుమించు ఒకే వేడి దగ్గర నిలబెడతాయి. అందువల్ల ఎండ కోసం హీట్ రేంజ్ మార్చవలసిన అవసరం లేదు. వేసవిలో వేడి గాలి పీల్చినప్పుడు టర్బో ఇంజనులో నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి అంటుకుని టకటకమనడం) పెరిగే మాట నిజమే. దానిని నాక్ సెన్సర్ పసిగట్టి, కంప్యూటర్ స్పార్కు సమయాన్ని వెనక్కి జరుపుతుంది. ఆ పని చల్లని ప్లగ్ చేయలేదు. మీరు ఎక్కువగా ఊళ్లోనే తిరుగుతున్నారు కాబట్టి 7 నంబరు వేస్తే కొన వేడెక్కక మసి పట్టే ఇబ్బంది అదనంగా వస్తుంది.

చల్లని ప్లగ్ నిజంగా అవసరమయ్యేది ఇంజను శక్తిని పెంచినప్పుడు. కంప్యూటర్ సాఫ్ట్‌వేరు మార్చి బూస్ట్ (టర్బో ఇంజనులోకి తోసే గాలి ఒత్తిడి) పెంచితే దహన గదిలో పుట్టే వేడే పెరుగుతుంది. 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు చల్లని ప్లగ్ వేయాలన్నది ఎన్‌జీకే వారే చెప్పే లెక్క. కాబట్టి పాత యజమాని ఇటువంటి మార్పు చేయించారా అన్నది తప్పక కనుక్కోండి.

సమాధానం – కావలి నుంచి

ఒంగోలు అన్నగారు చెప్పినదానికి ఒక జాగ్రత్త చేరుస్తున్నాను. దుకాణంలో ఎన్‌జీకే లేదని డెన్సో గానీ బోష్ గానీ వేరే కంపెనీ ప్లగ్ చూపిస్తే నంబరును నంబరుతో పోల్చకండి. ఎన్‌జీకే 6కు డెన్సో 20 సమానం, 7కు 22 సమానం. ఈ రెండు కంపెనీల్లోనూ నంబరు పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది. బోష్‌లో లెక్క తిరగబడుతుంది, నంబరు పెరిగేకొద్దీ వేడి ప్లగ్ అవుతుంది. ఈ సంగతి తెలియక చల్లనిది అనుకుని వేడిది వేసేవారిని చూస్తూనే ఉన్నాం.

చెన్నైలో పుదుపేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు వైపు వెళ్లి తెచ్చుకునేవారు బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి. ఈ కంపెనీల పేరుతో నకిలీ ప్లగ్‌లు బాగా తిరుగుతున్నాయి. పింగాణీ మీది అక్షరాలు గోటితో గీకితే చెరిగేలా ఉన్నా, కొన ఎలక్ట్రోడ్ మధ్యకు లేకుండా పక్కకు ఒరిగి ఉన్నా, నాలుగు ప్లగ్‌ల గ్యాప్‌లు నాలుగు రకాలుగా ఉన్నా వాటిని తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న అడిగినవారు – నెల్లూరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టిక్కరు దొరికింది, ఆ కోడ్‌కు పట్టికలో పీఎఫ్ఆర్6క్యూ అనే ఉంది. పాత యజమానిని ఫోన్‌లో అడిగాను. సాఫ్ట్‌వేరు మార్పు గానీ టర్బో మార్పు గానీ చేయించలేదని, మూడో సిలిండర్ ప్లగ్ పింగాణీ పగిలితే దారిలో ఎక్కడో దొరికినది వేయించామని చెప్పారు. విప్పిన మూడు పాత ప్లగ్‌ల కొనలు లేత గోధుమరంగులో ఉన్నాయి, ఎలక్ట్రోడ్ అంచులు బాగా అరిగాయి. మూడో సిలిండర్‌లోది మాత్రం కొత్తగానే ఉంది. మరి కొత్త ప్లగ్ ఉన్న సిలిండర్‌లోనే స్పార్కు ఎందుకు తప్పుతోంది? ఇరిడియం గురించి, బిగింపు గురించి కూడా చెప్పగలరా అన్నగారూ?

సమాధానం – ఒంగోలు నుంచి

లేత గోధుమరంగు అంటే 6 నంబరు మీ ఇంజనుకు సరిగ్గా ఉన్నదనే. తెల్లగా పొక్కులు లేచి ఉంటే అతివేడి, పొడి మసితో నల్లగా ఉంటే చల్లని ప్లగ్ అయినా కావచ్చు, పెట్రోలు ఎక్కువైనా కావచ్చు, తడి నూనెతో ఉంటే ఇంజనులోనే వేరే సమస్య ఉంది.

మూడో సిలిండర్ తడబాటుకు ఆ కొత్త ప్లగ్ గ్యాపే కారణమని నేను బలంగా అనుకుంటున్నాను. దానిది 1.1, పక్కవాటిది 0.8 మిల్లీమీటర్లు. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ గ్యాప్‌ను దాటడానికి స్పార్కుకు ఎక్కువ వోల్టేజి కావాలి. ఊళ్లో నెమ్మదిగా నడిపేటప్పుడు ప్లగ్‌కు ఆ వోల్టేజిని ఇచ్చే కాయిల్ ఆ 1.1ని దాటించగలదు. రహదారి మీద టర్బో పూర్తి బూస్ట్ ఇచ్చినప్పుడు దాటించలేదు, మీకు కుదుపు వస్తున్నది కచ్చితంగా అప్పుడే. దుకాణం ఆయన మాట విని నాలుగూ అవే వేసి ఉంటే నాలుగు సిలిండర్లూ తడబడేవి. చివర 11 లేని బీకేఆర్6ఈ తీసుకుని గ్యాప్‌ను 0.7 నుంచి 0.8 మధ్యకు సరిచేసి వేసుకునేవారు ఈ ఇంజనుకు చాలామంది ఉన్నారు, అది చవకైన, నమ్మకమైన దారే. అయితే నికెల్ ఎలక్ట్రోడ్లు త్వరగా అరుగుతాయి కాబట్టి టర్బో కారులో 20 వేల కిలోమీటర్ల లోపే మార్చుకోవాలి. ప్లాటినం దాదాపు 60 వేల వరకు వస్తుంది. మీరు పీఎఫ్ఆర్6క్యూ నాలుగూ కొత్తవి వేసుకోవడమే నా సలహా. అరిగిన మూడింటి పక్కన ఒక్క కొత్తది వేయకండి.

ఇరిడియం వల్ల శక్తి పెరగదు. దాని కొన సన్నగా ఉండటం వల్ల స్పార్కుకు వోల్టేజి కొంత తక్కువ చాలుతుంది, లోహం గట్టిది కాబట్టి ఎక్కువ కాలం మన్నుతుంది. వేయాలనిపిస్తే బీకేఆర్6ఈఐఎక్స్ వేసుకోవచ్చు, అందులోనూ చివర 11 లేనిదే తీసుకోండి. ఇరిడియం, ప్లాటినం కొనల మధ్య నాణెం లాంటి గేజ్‌ను దూర్చి తిప్పకూడదు, సన్నని కొన విరుగుతుంది. తీగ గేజ్‌తో కొలిచి, అవసరమైతే సైడ్ ఎలక్ట్రోడ్‌ను మాత్రమే వంచాలి.

బిగింపు పని ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాతే చేయించండి. వేడి మీద విప్పితే అల్యూమినియం త్రెడ్ ఊడి వస్తుంది. కాయిళ్లు తీశాక ప్లగ్ గుంతల్లోకి ముందు గాలి కొట్టించండి, లేకపోతే అక్కడి ఇసుక, దుమ్ము ప్లగ్ తీయగానే సిలిండర్‌లో పడతాయి. కొత్త ప్లగ్‌ను రెంచి లేకుండా, సాకెట్, ఎక్స్‌టెన్షన్ మాత్రమే పట్టుకుని వేళ్లతో తిప్పుతూ చివరి వరకు తీసుకెళ్లాలి. ఎక్కడైనా బిగుసుకుంటే అక్కడే ఆపి వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత టార్క్ రెంచితో 30 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచి దొరకకపోతే, వాషరు తగిలిన చోటు నుంచి కొత్త ప్లగ్‌ను అర చుట్టుకు మించి, మూడింట రెండు వంతుల చుట్టు దాటకుండా తిప్పితే సరిపోతుంది. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని కొందరు త్రెడ్‌కు గ్రీజు రాస్తారు. ఈ ప్లగ్‌ల ఒంటికి పూత ఉంది, గ్రీజు అవసరం లేదు, రాస్తే అదే టార్క్‌కు ప్లగ్ అతిగా బిగుస్తుంది. ఉప్పుగాలి నిజంగా పాడుచేసేది కాయిల్ కనెక్టరు పిన్నులను. మైపాడు వైపు తరచు వెళ్తుంటే వాటి మీద పచ్చదనం ఉన్నదేమో చూసి శుభ్రం చేయించండి.

ఇన్నాళ్లూ పెద్ద గ్యాప్‌తో పనిచేసినందువల్ల మూడో కాయిల్ దెబ్బతిని ఉండవచ్చు, ఈ ఇంజను కాయిళ్లు మామూలుగానే పాడవుతుంటాయి. అందుకే ప్లగ్‌లు మార్చిన రోజునే రెండో కాయిల్‌ను మూడో చోట, మూడోదాన్ని రెండో చోట పెట్టించి, కోడ్ చెరిపించి, రహదారి మీద అదే గేరులో అదే విధంగా తొక్కి చూడండి. పీ0302 వస్తే కాయిల్ మార్చాలి. మళ్లీ పీ0303 వస్తే ప్లగ్, కాయిల్ రెండూ నిర్దోషులు, అప్పుడు మూడో సిలిండర్ ఇంజెక్టరును (పెట్రోలు చిమ్మే భాగం), సిలిండర్ ఒత్తిడిని చెప్పే కంప్రెషన్‌ను పరీక్ష చేయించి ఆ అంకెలు ఇక్కడ రాయండి.