మెర్సెన్ సంఖ్య (2^పి − 1) ప్రధాన సంఖ్యే అని తేల్చడానికి ఫెర్మా పరీక్ష నెగ్గితే చాలదా? లూకాస్-లేమర్ కూడా కావాలా?

శేషం_సున్నా:
2^136279841 − 1 సంగతే తీసుకోండి. 2024 అక్టోబరులో బయటపడింది, 4,10,24,320 అంకెలు. ముందు ఆధారం 3తో ఫెర్మా పరీక్ష నెగ్గింది (సంఖ్య ఎన్ అయితే, ఆధారాన్ని ఎన్−1 ఘాతానికి పెంచి ఎన్‌తో భాగిస్తే శేషం 1 రావాలి), ఆ తర్వాత లూకాస్-లేమర్‌తో ఖాయం చేశారు. ఆ రెండోది వట్టి తంతు అంటాను. ఇంత పెద్ద సంఖ్య దగ్గర ఫెర్మా మోసపోవడం కన్నా కంప్యూటర్ మెమరీలో ఒక బిట్ తిరగబడి (0 కాస్తా 1 అయి) లెక్క చెడటమే తేలిక.

మాడ్యులో_561:
తంతు కాదండీ. ఫెర్మాలో ఓడితే సంయుక్త సంఖ్యే, సందేహం లేదు. నెగ్గితే మాత్రం ‘కావచ్చు’ అంతే. 561 = 3×11×17. అయినా తనతో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారంతోనైనా నెగ్గేస్తుంది. మెర్సెన్‌కి ఆధారం 2 అసలే పనికిరాదు: 2047 = 23×89, కానీ 2^2046ను 2047తో భాగిస్తే శేషం 1. ఘాతం ప్రధానమైతే ప్రతి మెర్సెన్ సంఖ్యా ఇలాగే తప్పించుకుంటుంది.

లూకాస్-లేమర్‌లో ‘కావచ్చు’ లేదు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకుంటూ పోవాలి. ఘాతం పి అయితే పి−2 అడుగులు. 127కి (పి = 7): 4, 14, 67, 42, 111, 0. చివర సున్నా వస్తే రుజువైనట్టే. ఫెర్మాకీ దాదాపు అన్నే వర్గాలు, మరి ఆదా ఎక్కడ?

శేషం_సున్నా:
ఆధారం 3 పెట్టండి, 2047 దొరికిపోతుంది: 3^2046ను 89తో భాగిస్తే శేషం 34.

మాడ్యులో_561:
ఒక సంఖ్య దొరికితే అన్నీ దొరుకుతాయనా?

వర్గాల_లెక్క:
ఆదా వేగంలో లేదు, తప్పు పట్టుకోవడంలో ఉంది. ఫెర్మాలో 3ని వరుసగా వర్గం చేయడమే పని. పి వర్గాల తర్వాత ఘాతం ఎన్−1 కాక ఎన్+1 అవుతుంది, కాబట్టి 1 బదులు 9 రావాలి (127కి 3^128 శేషం 9). 2017లో రాబర్ట్ గెర్బిచ్ అనే ఆయన చూపిన తనిఖీ దీనికి అతుకుతుంది: ప్రతి 1000 అడుగులకు వచ్చిన శేషాన్ని ఒక లబ్ధంలో కలుపుతూ, 10 లక్షల అడుగులకోసారి పాత లబ్ధాన్ని 1000 సార్లు వర్గం చేసి, మొదటి విలువతో గుణించి, కొత్త లబ్ధంతో పోల్చాలి. అదనపు పని సుమారు 0.2 శాతం. తేడా వస్తే చివరి మంచి స్థానానికి వెనక్కి. లూకాస్-లేమర్‌లో ఆ ‘−2’ దీన్ని చెడగొడుతుంది. అక్కడ బిట్ చెడితే అసలైన ప్రధాన సంఖ్యే సున్నా రాక చేజారిపోవచ్చు.

మాడ్యులో_561:
వేటకు సరే. ‘ప్రధాన సంఖ్య’ అని పేరు పెట్టేటప్పుడు? 81,77,207 ఒకట్లు వరుసగా ఉన్న సంఖ్య 2021లో ఇలాంటి పరీక్షే నెగ్గింది, దాన్ని ఇంకా ‘బహుశా ప్రధాన’ అనే జాబితాలో రాస్తున్నారు. మెర్సెన్‌కి ఒకటి కలిపితే వట్టి 2 ఘాతం కాబట్టి రుజువు చవక. చవకగా దొరికేదాన్ని వదిలేయడం ఎందుకు?

శేషం_సున్నా:
రికార్డుకి ఒప్పుకుంటాను. విఫలమయ్యే లక్షల ఘాతాలకు మాత్రం వద్దు. లూకాస్-లేమర్ అయితే ఒక్కోదాన్నీ వేరే యంత్రం మీద మొదటినుంచీ మళ్ళీ నడపాలి. ఫెర్మాకైతే మధ్య శేషాలతో ధ్రువపత్రం తయారవుతుంది, దాన్ని చిన్న లెక్కతో సరిచూడొచ్చు.