డీవీ (డిజిటల్ వీడియో) టేపు మీద లోగో యానిమేషన్ వణుకుతోంది

బెజవాడ కేబుల్ ఛానల్‌కి 10 సెకన్ల లోగో. 720×576లో రెండర్ చేసి (తుది వీడియోగా తయారుచేసి) ఫైర్‌వైర్ కేబుల్ మీదుగా టేపుకెక్కిస్తే సన్నగీతలు వణుకుతున్నాయి, కదిలేటప్పుడు లోగో ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది. కంప్యూటర్ మానిటర్లో బాగానే ఉంది.

> రెండూ వేర్వేరు జబ్బులండీ. కొట్టుకోవడం ఫీల్డ్ ఆర్డర్ తిరగబడి. ఒక్కో ఫ్రేమునీ సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు చేసి ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తారు; ఆ సగమే ఫీల్డు, వాటి వరుసే ఫీల్డ్ ఆర్డర్. పాల్‌లో (మన టీవీ పద్ధతి) సెకనుకి 25 ఫ్రేములు, 50 ఫీల్డులు. డీవీకి కింది ఫీల్డు ముందు రావాలి. రెండర్లో 'లోయర్ ఫస్ట్' పెట్టండి.

> వణుకు సంగతి: ఒక పిక్సెల్ అడ్డగీత ఒక్క ఫీల్డులోనే పడి, సెకనుకి 25 సార్లే వెలుగుతుంది. 2 పిక్సెళ్లు చేయండి, లేదా నిలువుగా కాస్త బ్లర్. ముదురు ఎరుపు జోలికి పోకండి, అంచులు కారతాయి.

కొట్టుకోవడం ఆగింది. గుండ్రటి బొమ్మ మాత్రం టీవీలో అడ్డంగా సాగింది?

> టీవీలో పిక్సెల్ చతురస్రం కాదు మరి, కాస్త వెడల్పు. 768×576లో గీసి 720కి కుదించండి.