అమెరికాకు మన మిక్సీ తీసుకెళ్లొచ్చా?

వచ్చే నెల డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100-240 వోల్టులు అని ఉంది కాబట్టి వాటికి మామూలు అడాప్టర్ చాలు, ఆ టెన్షన్ లేదు. సమస్యల్లా మా ఆవిడ మిక్సీతోనే. బ్లెండర్‌లో చేసిన పచ్చడి పచ్చడే కాదంటుంది!

మిక్సీ 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 750 వాట్లు. అక్కడేమో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదని తెలుసు. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొంటే 1000 వాట్లది సరిపోతుందా, 1500 వాట్లది కావాలా? మోటారు స్టార్టయ్యేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది కదా. 60 హెర్ట్జ్ వల్ల ఏమైనా ఇబ్బందా? లేక 110 వోల్టుల మిక్సీ ఇక్కడే కొనుక్కెళ్లడం మేలా? అక్కడ వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి.