యూనివర్సిటీ వాళ్ళతో జియోస్టాటిస్టిక్స్ ట్రైనింగ్: ఈసారైనా పనికొచ్చేలా ఎలా పెట్టించాలి?

బెంచ్_జియాలజిస్ట్:
అందరికీ నమస్తే. నేను ఒక ఇనుప ఖనిజం గనిలో జియాలజిస్ట్‌ని, కంపెనీ పేరు వద్దులెండి. మావాళ్ళు ఒక యూనివర్సిటీ మైనింగ్ డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడి, జియాలజిస్టులకీ ప్లానింగ్ ఇంజనీర్లకీ కలిపి ఐదు రోజుల జియోస్టాటిస్టిక్స్ (బోర్‌హోల్ శాంపిల్స్ బట్టి మిగతా చోట్ల లోహం శాతం, అంటే గ్రేడ్, అంచనా కట్టే లెక్కలు) కోర్సు పెట్టిద్దామంటున్నారు. సిలబస్ రాసే పని నా నెత్తిన పడింది. ఇంతకుముందు ఇలాంటిదే ఒకటి జరిగింది. మొదటి రోజంతా ప్రాబబిలిటీ, ఆ తర్వాత బోర్డు నిండా క్రిగింగ్ (చుట్టుపక్కల శాంపిల్స్‌కి తూకాలు వేసి గ్రేడ్ అంచనా కట్టే పద్ధతి) మ్యాట్రిక్సులు, ఆపైన ఏ దేశానిదో తెలియని రాగి డేటా మీద డెమో, చివర్లో గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్లు. మళ్ళీ ఆఫీసుకొచ్చాక అందరూ ఎప్పుడో కన్సల్టెంట్ పెట్టిపోయిన వేరియోగ్రామ్ (దూరం పెరిగేకొద్దీ శాంపిల్స్ మధ్య తేడా ఎలా పెరుగుతుందో చూపే గ్రాఫ్) పారామీటర్లనే వాడుకుంటున్నారు, అవి ఎందుకలా ఉన్నాయో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. మా అసలు బాధేంటంటే బ్లాక్ మోడల్ (నిక్షేపాన్ని బ్లాకులుగా విడగొట్టి ఒక్కోదానికి గ్రేడ్ వేసిన కంప్యూటర్ మోడల్) చెప్పే గ్రేడ్‌కీ క్రషర్ దగ్గర వచ్చే గ్రేడ్‌కీ పొంతన కుదరట్లేదు. పైగా ఈ కోర్సు చేస్తే మనవాళ్ళు జార్క్ కోడ్ (ఖనిజ నిల్వల రిపోర్టులకి ఆస్ట్రేలియా నియమావళి) కింద సంతకం పెట్టొచ్చు కదా అని పైవాళ్ళ ఆశ. ఇలాంటివి దగ్గరుండి చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పెర్త్_బాబాయ్:
తమ్ముడూ, ముందు ఆ చివరి ఆశ సంగతి తేల్చేయ్. జార్క్ కింద కాంపిటెంట్ పర్సన్, అంటే ఆ రిపోర్టుకి బాధ్యత తీసుకునే మనిషి, అవ్వాలంటే గుర్తింపు ఉన్న వృత్తి సంస్థలో సభ్యత్వం, ఆ రకం నిక్షేపంలో కనీసం 5 ఏళ్ళ అనుభవం ఉండాలి. ఏ యూనివర్సిటీ సర్టిఫికెట్ ఇచ్చినా అది దానికి సాటి రాదు. ఇది ఇప్పుడే చెప్పకపోతే రేపు కోర్సు అయ్యాక నిన్నే పట్టుకుంటారు.

ఇక పొంతన గురించి. మీవాళ్ళు ఒకటి గుర్తుంచుకుంటే చాలు, ఈ సబ్జెక్టు పుట్టిందే ఆ గొడవలోంచి. డానీ క్రిగ్ దక్షిణాఫ్రికాలో బంగారు గనుల ఇంజనీరు. శాంపిల్స్ బట్టి బాగా రిచ్ అనుకున్న బ్లాకులు తవ్వితే అంత రాకపోవడం, పేలవం అనుకున్నవి కాస్త మెరుగ్గా రావడం, ఇది పదేపదే ఎందుకు జరుగుతోందని లెక్క తీశాడు. దాన్నే 1951లో విట్‌వాటర్‌స్రాండ్ యూనివర్సిటీలో థీసిస్‌గా ఇచ్చాడు. దాన్ని అందుకుని ఫ్రాన్స్‌లో మాథెరాన్ అనే గణితవేత్త సిద్ధాంతం కట్టాడు, 1968లో పారిస్ మైన్స్ స్కూల్ కింద ఫాంటెన్‌బ్లోలో దీనికోసమే ఒక కేంద్రం పెట్టారు. అంటే సమస్య గనిది, లెక్క యూనివర్సిటీది. మన దగ్గర కోర్సులు లెక్కతో మొదలై లెక్కతోనే ఆగిపోతాయి, గని మధ్యలో ఎక్కడా కనపడదు. కెనడాలో ఆల్బెర్టా యూనివర్సిటీలో 1998 నుంచి ఉన్న జియోస్టాటిస్టిక్స్ సెంటర్‌కి కంపెనీలు సభ్యత్వం కట్టి నడిపిస్తాయి, అందుకే అక్కడ రీసెర్చ్ ప్రశ్నలు కూడా కంపెనీల దగ్గర్నుంచే వస్తాయి. ఐదు రోజులకి ఫీజు కట్టి చేతులు దులుపుకుంటే అది రాదు.

సాఫ్ట్‌వేర్_సుబ్బు:
ఇంత రాద్ధాంతం ఎందుకు బ్రో, సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు వెండరే ట్రైనింగ్ ఇస్తాడు, ఏ బటన్ ఎక్కడుందో తెలిస్తే పనైపోతుంది. ప్రొఫెసర్లు వచ్చి డెరివేషన్లు చెప్తే నిద్రొస్తుంది.

మైనింగ్_మేడమ్:
సుబ్బు గారూ, నిద్ర సంగతి ఒప్పుకుంటాను. నేనూ ఈ పాఠాలు చెప్పేదాన్నే, మొదటి గంటలో ఎవరి కళ్ళు మూతపడుతున్నాయో నాకూ కనిపిస్తుంది. కానీ బటన్ సంగతి చూడండి. బోర్‌హోల్స్ 100 మీటర్లకొకటి ఉన్నచోట లాగ్ (పోల్చే శాంపిల్ జంటల మధ్య దూరం) 25 మీటర్లు పెడతారు, పాయింట్లు అటూ ఇటూ ఎగిరిపడుతుంటాయి, వెంటనే 'నగ్గెట్ (అతి దగ్గర శాంపిల్స్ మధ్య కూడా ఉండే తేడా) ఎక్కువ' అని రిపోర్టులో రాసేస్తారు. నగ్గెట్ తెలియాలంటే ముందు ఒకే బోర్‌హోల్ వెంట నిలువుగా వేరియోగ్రామ్ గీయాలి, అక్కడ శాంపిల్స్ దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక. అదే 100 మీటర్ల గ్రిడ్ మీద 10 మీటర్ల బ్లాకులు పెట్టి, స్క్రీన్ మీద రంగులు బాగున్నాయని మురిసిపోతారు. పక్కపక్క బ్లాకులన్నీ దాదాపు ఒకే గ్రేడ్ చూపిస్తాయి, కటాఫ్ (ఖనిజమా వేస్టా అని తేల్చే గ్రేడ్) దగ్గరకొచ్చేసరికి ఖనిజం వేస్ట్‌లోకి, వేస్ట్ ఖనిజంలోకి పోతుంది. సాఫ్ట్‌వేర్ ఎర్రర్ మెసేజ్ కూడా ఇవ్వదు.

బెంచ్ గారూ, ఆ రాగి డేటా ఎందుకు వచ్చిందో చెప్తాను. మేం అడిగితే కంపెనీలు డేటా ఇవ్వవు. 'కాన్ఫిడెన్షియల్' అని ఒక్క మాటతో ఫైల్ మూసేస్తారు. ఇవ్వడానికి దారులున్నాయి. కోఆర్డినేట్ల నుంచి ఒక స్థిర సంఖ్య తీసేయండి, కావాలంటే మొత్తం డేటాని కొన్ని డిగ్రీలు తిప్పండి, గ్రేడ్లన్నిటినీ ఒకే సంఖ్యతో గుణించండి. గుణిస్తే వేరియోగ్రామ్ ఎత్తు మారుతుంది కానీ ఆకారం, రేంజ్ (శాంపిల్స్ మధ్య పోలిక ఉండే దూరం) మారవు. కటాఫ్‌ని కూడా అదే సంఖ్యతో గుణించడం మర్చిపోకండి, లేకపోతే టన్నేజ్ లెక్కంతా తప్పుతుంది. తిప్పిన కోణం మీ దగ్గరే ఉంచుకోండి, దిశలు చివర్లో మీరే వెనక్కి మార్చుకోవచ్చు.

ఇంకొకటి, మీది హెమటైట్ అయితే బ్లూ డస్ట్ ఉందా? ఉంటే ఒక పూట దానికే కేటాయించండి. అది పొడి కదా, డ్రిల్లింగ్‌లో నీళ్ళతో కొట్టుకుపోతుంది, కోర్ రికవరీ (డ్రిల్‌లో పైకి దక్కే రాతి శాతం) పడిపోతుంది, అంటే మంచి గ్రేడ్ ఉన్నచోటే అస్సే (ల్యాబ్ పరీక్ష విలువ) ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరో సున్నా వేసుంటారు, లేదా అసలు పట్టించుకోకుండా పక్క గట్టి ఖనిజం విలువలతో నింపేసుంటారు. సాంద్రత కూడా గట్టి ఖనిజానిదే అన్నిటికీ వేస్తే టన్నులు ఎక్కువ చూపిస్తుంది. మీ పొంతన గొడవలో సగం ఇక్కడే ఉండొచ్చని నా అనుమానం, దీనికి మ్యాట్రిక్సులు అక్కర్లేదు, లాగ్‌షీట్లు ముందేసుకుని కూర్చుంటే చాలు. కాకపోతే ఇది మా ఫ్యాకల్టీకి తెలియదు, మీ సీనియర్ డ్రిల్లింగ్ ఫోర్‌మన్‌కి తెలుసు, ఆయన్ని కూడా క్లాసులో కూర్చోబెట్టండి. పాఠం ఆయనే చెప్తాడు.

గోదారి_బొగ్గు:
మాది బొగ్గు. మందం, బూడిద శాతం చూసుకుంటే సరిపోతుందని ఇన్నాళ్ళూ అనుకునేవాళ్ళం, కానీ 2012 నుంచి జీసీవీ (కిలో బొగ్గు కాలితే వచ్చే వేడి) గ్రేడ్లు వచ్చాక 300 కిలోకేలరీలకో మెట్టు, ఒక మెట్టు దిగితే ధర మారిపోతుంది. గోదావరి లోయలో ఫాల్టులు (పొరలు విరిగి జరిగిన చోట్లు) ఎక్కువ, ఫాల్టుకి ఇవతలి బోర్‌హోల్‌తో అవతలి సీమ్‌ని (బొగ్గు పొరని) అంచనా కట్టేస్తుంటారు. ఏ కోర్సులోనూ ఇది చెప్పగా వినలేదు.

బెంచ్_జియాలజిస్ట్:
మేడమ్, బ్లూ డస్ట్ ఉంది, పుష్కలంగా ఉంది! సున్నాల సంగతి రేపే డేటాబేస్‌లో వెతుకుతాను. డేటా ఇవ్వమని లీగల్ వాళ్ళని ఎలా ఒప్పించాలో అర్థం కావట్లేదు, ప్రొఫెసర్లు పేపర్ రాసేసుకుంటారని వాళ్ళ టెన్షన్. ఐదు రోజులూ ఒకేసారి పెట్టడం నాకూ నచ్చట్లేదు.

మైనింగ్_మేడమ్:
ఒకేసారి పెట్టకండి. ముందు రెండు రోజులు, తర్వాత నెలన్నర గ్యాప్, ఆపైన మూడు రోజులు. గ్యాప్‌లో ఒక్కొక్కరూ తమ బెంచ్ (గనిలో తవ్వే మెట్టు) మీద వేరియోగ్రామ్ గీసి తీసుకురావాలి, వారానికి ఒక పూట డ్యూటీ లేకుండా ఇస్తామని మేనేజర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే ఎవరూ గీయరు. లైసెన్సులు తక్కువుంటే ఎస్‌జీఈఎంఎస్ అనే జియోస్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం, టెక్సాస్ యూనివర్సిటీ మైకేల్ పిర్జ్ వీడియో పాఠాలూ ఉచితమే. ఎంఓయూలో (కంపెనీకీ యూనివర్సిటీకీ మధ్య ఒప్పంద పత్రంలో) మాత్రం మూడు మాటలు స్పష్టంగా రాయించండి: డేటా కంపెనీదే, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా ఏదీ ప్రచురించకూడదు, అనుమతి అడిగితే ఇన్ని రోజుల్లోగా జవాబివ్వాలి. ఆ మూడోది మా కోసం. అది లేకపోతే మా స్టూడెంట్ థీసిస్ ఏళ్ళ తరబడి మీ లీగల్ వాళ్ళ టేబుల్ మీదే ఉండిపోతుంది, మరుసటి ఏడాది మీ గనికి రావడానికి మా దగ్గర ఎవరూ ముందుకు రారు.

పెర్త్_బాబాయ్:
మూడోదానికి 30 రోజులు అని రాయించు తమ్ముడూ, 'తగిన సమయంలో' అని రాస్తే అంతే సంగతులు.