కర్మఫలాన్ని నమ్మే మిత్రునికి పాపక్షమాపణను ఎలా వివరించాలి?

కొలంబోలో నాతో పనిచేసే సింహళ బౌద్ధ మిత్రుడు, నాలుగు నెలల క్రితం తండ్రి మరణించిన వారానికి, ఆయనతో చివరి రోజుల్లో కఠినంగా మాట్లాడినందుకు కుమిలిపోతూ, మీ క్రైస్తవుల పాపక్షమాపణ అంటే ఏమిటని తానే నన్ను అడిగాడు. అప్పటినుండి మూడుసార్లు ప్రయత్నించి విఫలమయ్యాను.

మొదట, మన పాపాలను ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడని చెప్పే బైబిలు వచనం 1 యోహాను 1:9 చదివి వినిపించాను. అందుకతడు బౌద్ధ గ్రంథమైన ధమ్మపదంలోని 165వ గాథను ఎత్తి, ఎవరి శుద్ధి వారిదేననీ, ఒకరు మరొకరిని శుద్ధి చేయలేరనీ అన్నాడు. తరువాత, రాజు తన సేవకుని పెద్ద అప్పును రద్దు చేసిన మత్తయి 18లోని ఉపమానం చెబితే, రద్దయిన అప్పు నష్టం అప్పిచ్చినవాడి మీద పడుతుంది కదా అన్నాడు. (ఆ నష్టాన్ని దేవుడే భరించాడన్న సిలువ మర్మం అక్కడే ఉంది, ఆ క్షణంలో నాకు మాట తోచలేదు.) మూడోసారి, యేసు పక్కన సిలువపై చివరి ఘడియలో క్షమాపణ పొందిన దొంగ గురించి చెప్పగా, హంతకుడిగా ఉండి బుద్ధుని శిష్యుడైన అంగుళిమాలుడు అరహంతుడైన (సంపూర్ణ విముక్తి పొందిన) తరువాత కూడా రాళ్ల దెబ్బలు తిన్నాడని, కర్మఫలం తప్పదని బదులిచ్చాడు. ఆ దొంగ కూడా సిలువ మీదనే మరణించాడు కాబట్టి, ఈ మాటను నేను తేలికగా కొట్టివేయలేను.

గత నెలలో, తండ్రి మరణించిన మూడవ నెలలో ఆయన పేరిట భిక్షువులకు ఇచ్చే దానానికి వారింటికి వెళ్లాను. భిక్షువుల ఎదుట కుటుంబసభ్యులు చిన్న కూజాలోని నీటిని కింద గిన్నె పొంగిపొర్లే వరకు పోస్తూ, తమ పుణ్యాన్ని తండ్రికి ధారపోశారు.

బౌద్ధులతో ఇలా మాట్లాడిన అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను: క్రీస్తు క్షమాపణను వివరించడానికి ఆ నీటిధార నుండి మొదలుపెట్టడం మేలా, లేక అది కృపను మరో పుణ్యదానంగా అపార్థం చేసుకునేలా చేస్తుందా?